మరిచానని చెప్పే సాక్షి

సాక్షికి మరపు రావచ్చు, తప్పులేదు. అబద్ధం మాత్రం ఆడకూడదు. లినక్స్ కెర్నెల్‌లో ట్రేసింగ్ బఫర్ అనే భాగం ఒకటుంది. దానికి వచ్చే కోడ్ మార్పుల్ని చదివి, మంచిచెడ్డలు చూసి ఒప్పుకోవడమో, కారణం చెప్పి తిప్పి పంపడమో నా పనిలో ఒక భాగం. ఆ పనికి కూర్చున్నప్పుడల్లా ముందుగా తలుచుకునే మాట ఇదే. ఈ వారం దాని గురించే రాస్తున్నాను. కోడ్ రాయనివాళ్లు కూడా చివరిదాకా చదవాలని నా కోరిక. జరిగినదాన్ని రాసిపెట్టే పని ఎక్కడున్నా, తాలూకాఫీసులోనైనా ఇంటి వంశవృక్షంలోనైనా, ఈ మాట వర్తిస్తుందని నమ్ముతున్నాను.

ముందు విషయంలోకి వద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఇంటర్నెట్‌ని నడిపే సర్వర్లలో చాలావాటిలోనూ అట్టడుగున ఉండేది లినక్స్ కెర్నెల్. ఏ ప్రోగ్రామ్‌కి ప్రాసెసర్ ఎప్పుడివ్వాలి, ఏ డేటా డిస్కులోకి ఎప్పుడు చేరాలి, నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్ ఎవరికి అందాలి అన్నవి అది క్షణం తీరిక లేకుండా తేలుస్తూ ఉంటుంది. ఒక్కోసారి ఎక్కడో పని నత్తనడక నడుస్తుంది. పైనుంచి చూస్తే కారణం తెలియదు. లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచింది, ఎవరి పనికి ఎవరు అడ్డొచ్చారు అన్నది వరసగా రాసిపెట్టే ఏర్పాటు ఉంటేనే తెలుస్తుంది. దాన్నే ట్రేసింగ్ అంటారు. స్టీవెన్ రోస్టెడ్ ముందుండి తయారుచేసిన ఎఫ్‌ట్రేస్ 2008 అక్టోబరులో 2.6.27 కెర్నెల్‌తో బయటికొచ్చింది. ఆ ఏడాది చివర్లోనే 2.6.28తో రింగ్ బఫర్ వచ్చింది. ఎఫ్‌ట్రేస్ రాసేవన్నీ చేరేది ఈ బఫర్‌లోకే.

నేను కోయంబత్తూరు పీలమేడులో పెరిగినవాణ్ని. అమ్మ పుట్టిల్లు మదురై. రెండు వైపులా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్నాను. మా పీలమేడులో 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ మొదలైంది, 1951లో దాని ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఊరు ఇది. 1956లో పుట్టిన సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థ నూలు బలాన్నీ, పోగు మందాన్నీ పరీక్షించి చెప్తుంది. ఇక్కడ ఏ వస్తువునైనా బాగుందనేది కొలిచాకే. కొలిచే పరికరం సరిగ్గా ఉందా అన్నది అంతకంటే ముందు అడుగుతారు. ట్రేసింగ్ బఫర్ కూడా కొలిచే పరికరమే. దాని కోడ్‌ని రివ్యూ చెయ్యడమంటే ఆ పరికరాన్ని అనుమానించడం. ఊరు నేర్పిన అనుమానాన్నే నా పనిలోకి తెచ్చుకున్నాను.

రింగ్ బఫర్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే గానుగెద్దును తలుచుకుంటే చాలు. అది ఒకే బాటలో తిరుగుతూ, ఒక చుట్టు పూర్తయ్యేసరికి తన పాత అడుగుల మీదే కొత్త అడుగు వేస్తుంది. బఫర్ అంటే పేజీల గొలుసు. సాధారణంగా ఒక్కో పేజీ 4096 బైట్లు. అందులో మొదటి 16 బైట్లు పేజీ వివరాలకు పోతాయి, మిగతా 4080 బైట్లలో ఘటనలు రాస్తారు. చివరి పేజీ నిండితే మళ్లీ మొదటి పేజీకి వస్తారు. అక్కడ ఎవరూ చదవని పాత సంగతులు ఇంకా ఉంటే వాటిమీదే కొత్తవి రాస్తారు. పాతవాటిని కాపాడి, కొత్తవాటిని వదిలేసే పద్ధతి కూడా ఉంది. ఏది కావాలో వాడేవాళ్లు ఎంచుకోవచ్చు. ప్రతి ప్రాసెసర్‌కీ వేరుగా ఒక బఫర్. ట్రేసింగ్ మొదలుపెట్టగానే మామూలుగా ఒక్కోదానికి 1408 కిలోబైట్లు కేటాయిస్తారు. రద్దీగా ఉన్న యంత్రంలో ఫంక్షన్లన్నిటినీ ట్రేస్ చేస్తే ఆ చోటు నిండడానికి రెప్పపాటు చాలు.

కాబట్టి పోవడం తప్పదు. ఈ బఫర్‌లో నాకు గౌరవం కలిగించేది, పోయినదాన్ని అది దాచకపోవడం. ఎన్ని ఘటనలు తుడిచిపెట్టుకుపోయాయో ప్రతి ప్రాసెసర్‌కీ విడిగా లెక్క ఉంటుంది. ట్రేస్ చదువుతుంటే వరసల మధ్యలో ఫలానా ప్రాసెసర్‌లో ఇన్ని ఘటనలు పోయాయని ఒక వరస కనిపిస్తుంది. ఆ వరస లేకపోతే ఏమవుతుందో ఊహించండి. పైన ఒక ఘటన, కింద ఒక ఘటన. మధ్యలో వందలు పోయాయి. చదివేవాడు రెండూ పక్కపక్కనే జరిగాయనుకుంటాడు. మొదటిది రెండోదానికి కారణమనుకుంటాడు. తప్పు చోట తవ్వడం మొదలుపెడతాడు. ఖాళీని ఖాళీ అని చెప్పకపోతే అది అతుకై కూర్చుంటుంది. అతుకు కనిపించని రికార్డు, రికార్డు లేకపోవడం కంటే చేటు.

ఇప్పుడు రివ్యూ సంగతి. మార్పు మన ముందుకు వచ్చేటప్పుడు దాన్ని ప్యాచ్ అంటాం. తీసేసిన వరసల ముందు మైనస్ గుర్తు, చేర్చిన వరసల ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. చుట్టూ ఏముందో తెలియడానికి పైన మూడు వరసలు, కింద మూడు వరసలు చూపిస్తారు. మిగతా కోడ్‌లో చాలాచోట్ల ఆ మూడు వరసలు సరిపోతాయేమో గానీ ఇక్కడ సరిపోవు. ఇక్కడ ప్రతి రెండు వరసల మధ్యా ఎవరైనా దూరొచ్చు. ఒక ప్రోగ్రామ్ పని మీద కెర్నెల్ ఒక ఘటన రాస్తుంటుంది. సగంలో డిస్క్ నుంచి ఇంటరప్ట్ వస్తుంది. ఆ ఇంటరప్ట్ కూడా తన ఘటనని అదే బఫర్‌లో రాయాలి. అది రాస్తుండగా ఎన్‌ఎంఐ అనే, మామూలుగా అడ్డుకోవడానికి వీల్లేని ఇంటరప్ట్ రావచ్చు. అదీ రాయాలి. తాళం వేసుకుని కూర్చుందామంటే కుదరదు. తాళం వేసినవాణ్ని ఆపి వచ్చిన ఎన్‌ఎంఐ అదే తాళం కోసం ఎదురుచూస్తే ఇద్దరూ కదలరు, యంత్రం బిగుసుకుపోతుంది. అందుకే రాసేవైపు తాళాలే లేకుండా ఈ బఫర్‌ని మలిచారు. వచ్చిన క్రమానికి తలకిందులుగా, చివర వచ్చినవాడు ముందు ముగించి వెళ్తాడు. అందరికంటే వెలుపల ఉన్నవాడు తన రాత ముగించాకే ఆ మొత్తం చదవడానికి సిద్ధమైనట్టు లెక్క.

అందుకని నేను ప్యాచ్‌ని వరసలవారీగా చదవను, వరసల మధ్య సందుల్లో చదువుతాను. ఈ వరసకీ కింది వరసకీ నడుమ ఇంటరప్ట్ వస్తే ఏమవుతుంది? వచ్చినవాడు ఒక ఘటన రాస్తే? పేజీ నిండిపోయేన్ని రాస్తే? బఫర్ మొత్తం ఒక చుట్టు తిరిగొస్తే? కాగితం మీద ఎడమవైపు మామూలు రాతగాడు, కుడివైపు ఇంటరప్ట్ అని రెండు గళ్లు గీసుకుని ఒక్కో సందులోనూ కుడివైపువాణ్ని దింపి చూస్తాను. నెమ్మది పని. తొందరపడితే చెయ్యలేం.

ఒక ఉదాహరణ చెప్తాను. మదురైలో చదువుకుని మా దగ్గర చేరిన కుర్రవాడు ఒక చిన్న ప్యాచ్ తెచ్చాడు. బఫర్ నిండి పాత పేజీ మీద రాయాల్సి వచ్చినప్పుడు, ఆ పేజీలో ఉన్న ఘటనల సంఖ్యని పోయినవాటి లెక్కలో కలిపే వరస ఒకటుంది. అది ఒక షరతు లోపల ఉంటుంది. అతను దాన్ని షరతుకి పైకి తెచ్చాడు. కోడ్ చూడ్డానికి చక్కగా ఉంది.

"అన్నా, ఎటూ పేజీ పోతుంది కదా, లెక్క ముందే వేసేస్తే ఏం?" అన్నాడు.

"పేజీని తోసింది నువ్వేనా?" అని అడిగాను.

కాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని తనే రెండు గళ్లు గీశాడు. గొలుసులో మొదటి పేజీని చూపించే పాయింటర్ చివరి రెండు బిట్లలో గుర్తులు పెడతారు. మామూలుగా ఆ బిట్లు సున్నాలుగానే ఉంటాయి కాబట్టి అక్కడ చోటు దొరుకుతుంది. 'ఇది తల పేజీ' అని ఒక గుర్తు, 'దీన్ని ఇప్పుడు జరుపుతున్నాం' అని ఒక గుర్తు. మొదటి గుర్తుని రెండోదిగా మార్చడంలో గెలిచిన రాతగాడే పేజీని తోసినవాడు. మనం మార్చబోయేలోపు ఇంటరప్ట్ వచ్చి తనే తోసేసి, తనే లెక్క కలిపి వెళ్లిపోవచ్చు. ఆ షరతు ఉన్నది, గెలిచినవాడే లెక్క కలపడానికి. వరసని పైకి తెస్తే ఒకే పేజీ నష్టం రెండుసార్లు నమోదవుతుంది. "అంటే పోయినవాటి కంటే ఎక్కువ పోయాయని చెప్తాం, అంతేనా అన్నా?" అన్నాడు. అంతే. ఎక్కువ చెప్పినా అబద్ధం అబద్ధమే. ఆ ప్యాచ్‌ని అతనే వెనక్కి తీసుకున్నాడు. ఆ షరతు ఎందుకుందో నాలుగు వరసల్లో వివరించే వ్యాఖ్యని దాని బదులు రాసి తెచ్చాడు. ఆ వ్యాఖ్య, అతను మొదట తెచ్చిన మార్పు కంటే ఎక్కువ కాలం పనికొస్తుంది.

అంకెలకి కాలం కూడా తోడైతే కష్టం రెట్టింపవుతుంది. ప్రతి ఘటన తలలో 32 బిట్లుంటాయి. అందులో 5 బిట్లు రకానికీ పొడవుకీ, 27 బిట్లు ముందు ఘటన నుంచి ఎంత సమయం గడిచిందో చెప్పడానికీ. నానోసెకన్లలో లెక్కిస్తే 27 బిట్లలో సెకనులో ఏడో వంతు కంటే కొంచెం తక్కువ పడుతుంది. అంతకంటే ఎక్కువ గడిస్తే 59 బిట్ల పెద్ద తేడా రాస్తారు. దాంట్లో సుమారు 18 ఏళ్లు పడతాయి. పూర్తి సమయానికి బదులు తేడా మాత్రమే రాయడంతో చోటు మిగులుతుంది. కానీ ముందు ఘటన సమయం ఎంతో తెలిస్తేనే తేడాకి అర్థం. ఒకడు రాస్తుండగా ఇంకొకడు మధ్యలో దూరితే, ఆ 'ముందు' ఏది?

2020 వరకూ ఈ ప్రశ్నకి బఫర్ దగ్గర సరైన జవాబు లేదు. మధ్యలో వచ్చినవాళ్ల ఘటనలకి తేడా సున్నా అని రాసేది. ఆపబడిన ఘటన సమయమే వాటికీ అంటుకునేది. ఇంటరప్ట్‌లో జరిగిన పనులన్నీ ఒకే క్షణంలో జరిగినట్టు కనిపించేవి. ఆ ఏడాది రోస్టెడ్ దాన్ని తిరగరాశారు. రాతగాడు చోటు పట్టుకోబోయే ముందు ఒక సమయం నమోదు చేస్తాడు, పట్టుకున్నాక అదే సమయాన్ని ఇంకోచోట నమోదు చేస్తాడు. కొత్తగా వచ్చినవాడు ముందు ఆ రెండూ చూస్తాడు. రెండూ ఒకటే అయితే ముందువాడు పని ముగించాడని అర్థం, తేడా లెక్కగట్టొచ్చు. వేరుగా ఉంటే ఎవడో సగంలో ఉన్నాడు. అప్పుడు తేడా జోలికి పోకుండా పూర్తి సమయమే రాసేస్తాడు. ముందున్నవాడి సంగతి తేలకపోతే వాడి మీద ఆధారపడొద్దు అన్నదే ఇందులో కిటుకు. దీన్ని మొదటిసారి చదివి అర్థం చేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇదే చోట తీసివేత విలువ కూడా తెలిసింది. 32 బిట్ యంత్రాల్లో 64 బిట్ల సమయాన్ని ఒక్క దెబ్బలో రాయడం కష్టం. దాన్ని ముక్కలు చేసి, ముక్కలన్నీ ఒకే రాతవని తేల్చుకోవడానికి గుర్తులు పెట్టి దాచే కోడ్ ఒకటుండేది. తెలివైన కోడే. కానీ దాంట్లో తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంత చిక్కు అక్కర్లేదన్నారు. 2023 చివర్లో రోస్టెడ్ దాన్ని మొత్తంగా తీసేశారు. తను రాసిన తెలివిని తనే తుడిచేయగలగడం పెద్ద గుణం. రివ్యూ చేసేవాడు అడగాల్సిన ప్రశ్నల్లో 'ఇది సరిగ్గా ఉందా' ఒకటైతే, 'ఇది అసలు ఉండాలా' రెండోది.

చూసేవాడు చూస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది ఇంకో నియమం. దాని ఖరీదు 2008లోనే తెలిసొచ్చింది. 2.6.27 విడుదలకు ముందు పరీక్షల దశలో కొన్ని ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల్లో శాశ్వతంగా ఉండాల్సిన మెమరీ పాడైపోసాగింది. అందరూ మొదట ఇ1000ఇ అనే ఆ కార్డుల డ్రైవర్‌నే అనుమానించారు. తవ్వగా తవ్వగా తేలింది ఎఫ్‌ట్రేస్. ట్రేస్ చెయ్యడం కోసం తను మార్చాల్సిన ఫంక్షన్ల చిరునామాల జాబితా అది పెట్టుకుంటుంది. వాటిలో కొన్ని మొదట్లో ఒకసారి మాత్రమే అవసరమైన కోడ్‌వి. పని అయిపోగానే ఆ చోటు ఖాళీ అయింది. అదే చిరునామా తర్వాత నెట్‌వర్క్ కార్డుకి దక్కింది. ఎఫ్‌ట్రేస్ పాత జాబితా ప్రకారం అక్కడికి వెళ్లి, ఉన్నది తను అనుకున్న కోడే అయితే మార్చమని ఆజ్ఞ ఇచ్చింది. కోడ్ అది కాదు. మామూలు మెమరీ అయితే ఏ నష్టమూ ఉండేది కాదు. కానీ ఆ ఆజ్ఞ పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే తిరిగి రాస్తుంది, పరికరాల మెమరీకి ఆ రాతే చేటు చేసింది. 2.6.27.1లో ఇలా కోడ్‌ని మార్చే సదుపాయాన్ని ఆపేశారు, తర్వాత పద్ధతి మార్చి మళ్లీ తెచ్చారు. అప్పటి ఆ చర్చల్లో కారణాన్ని దాచకుండా చెప్పడం వల్లే ఎఫ్‌ట్రేస్ మీద నమ్మకం మిగిలింది.

కెర్నెల్‌లో ప్రతి మార్పు కింద పేర్లుంటాయి. రాసినవాళ్లు 'సైన్డ్-ఆఫ్-బై' అని సంతకం పెడతారు. 2004 నుంచి ఉన్న ఆచారం ఇది. పాత తప్పుని దిద్దే మార్పైతే, ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో దాని గుర్తింపు అక్షరాలతో సహా 'ఫిక్సెస్' అని రాస్తారు. చదివి ఒప్పుకున్నవాళ్లు 'రివ్యూడ్-బై' అని పేరు ఇస్తారు. ఈ కోడ్ ఎప్పటికీ చెడదన్న హామీ అందులో లేదు. చదివాను, నాకు తెలిసిన లోపాలు లేవు, చేర్చడానికి తగినదని నమ్ముతున్నాను అన్నంత వరకే దాని అర్థం. తెలిసినంత వరకే చెప్పే సంతకం కాబట్టే నాకది ఇష్టం.

తెలిసినంత వరకే చెప్పడం అనగానే నాకు మదురై గుర్తొస్తుంది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక రాజ్యం 1736 దాకా సాగింది. ఆ రోజుల్లోనూ, అంతకుముందూ, తర్వాతా ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలాయి. ఆ ఆస్థానంతో ముడిపడిన తెలుగు వచన గ్రంథం రాయవాచకము. కృష్ణదేవరాయల సంగతులని విశ్వనాథ నాయకుడికి ఆయన స్థానాపతి, అంటే రాయబారి, నివేదించినట్టుగా అది నడుస్తుంది. చదువుతుంటే కళ్లారా చూసి రాసినట్టే ఉంటుంది. ఫిలిప్ వ్యాగనర్ 1993లో దాన్ని ఆంగ్లంలోకి తెస్తూ, అది రాయల కాలం నాటిది కాదనీ, 16వ శతాబ్దం చివర్లో మదురై ఆస్థానంలో పుట్టిందనీ వాదించారు. అలా చూస్తే ఆ పుస్తకం విలువ తగ్గదు. రాయల నాటి విజయనగరానికి బదులు, విజయనగరాన్ని తలుచుకుంటున్న మదురైకి అది సాక్ష్యమవుతుంది. కాలం సరిగ్గా పడితే సాక్ష్యం సరైన చోట నిలబడుతుంది.

మా కుటుంబాల కథలకీ కాలం లేదు. ఎక్కడినుంచి వచ్చామంటే అవ్వలు నది పేరు చెప్తారు, తరిమినవాళ్లని చెప్తారు, తేదీ చెప్పరు. మాలాగే తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల దగ్గర ఒక కథ ఉంది. పారిపోతుంటే ఏరు అడ్డొచ్చిందట, కానుగ చెట్లు వంగి వంతెనైతే దాటొచ్చారట. దక్షిణాది కులాలు, తెగల మీద రాసిన థర్‌స్టన్ 1909లో దాన్ని అచ్చులో పెట్టాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి.రాజనారాయణన్ ఇలాంటి వలస జ్ఞాపకాలని 1976లో 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా మలిచారు. ఆయన దాన్ని నవల అన్నారు, చరిత్ర అనలేదు. ఆ నిజాయితీ నాకు ముఖ్యం. ఇప్పుడు మా సంఘాల సంచికల్లో వలసకి సంవత్సరం, దారి, నాయకుడి పేరు అన్నీ నిండుగా అచ్చవుతున్నాయి. ఆధారం అడిగితే పెద్దలు చెప్పారంటారు. పెద్దలు చెప్పినదాన్ని పెద్దలు చెప్పారనే రాద్దాం. తెలియని తరాల దగ్గర తెలియదని రాద్దాం. రేపు ఒక శాసనమో రాగిరేకో దొరికితే దాన్ని పెట్టడానికి ఆ ఖాళీయే చోటు. మనం ముందే నింపేస్తే దొరికింది కూడా మనకి కనిపించదు.

కోయంబత్తూరు, మదురై కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లలకి ఒక మాట. కెర్నెల్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. మీ సొంత లినక్స్ యంత్రంలో ట్రేసింగ్ బఫర్ పరిమాణం బాగా తగ్గించి, ఫంక్షన్ ట్రేసర్ ఆన్ చెయ్యండి. ఇన్ని ఘటనలు పోయాయన్న వరస త్వరలోనే కనిపిస్తుంది. ఆ వరసని ఏ ఫంక్షన్ ముద్రిస్తుందో వెతకండి. ఆ అంకె దానికి ఎవరిచ్చారు, వాళ్లకి ఎవరిచ్చారు అని వెనక్కి వెళ్లండి. పేజీని తోసినవాడే లెక్క కలిపే ఆ షరతు దాకా చేరతారు. దారిలో ప్రతి సందులోనూ ఒక ఇంటరప్ట్‌ని దింపి చూడండి. లెక్క తప్పినట్టు తోస్తే అడగండి. మీ అనుమానం తప్పే కావచ్చు, అయినా అడగండి. ఈ కోడ్ ఇన్నాళ్లు నిలబడింది అడిగేవాళ్ల వల్లే.